దశమినాటి సముద్రం

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు విశ్వపతిగారు బస్సు కిటికీ అద్దం వెనక్కి తోసి, చలిగాలి తగలగానే మఫ్లరు చెవుల మీదికి లాక్కున్నారు. అద్దం మాత్రం మూయలేదు. గుడివాడలో రోజూ పొద్దున్నే ఉపనిషత్తు పాఠం చెప్పే పెద్దాయన ఆయన. వినేవాళ్లంతా అరవై దాటినవాళ్లు. మాఘ పౌర్ణమి రద్దీకి తట్టుకోలేమని, దానికి ముందే, దశమినాడు, ఒక బస్సు మాట్లాడుకుని మంగినపూడి సముద్రం చూడ్డానికి బయలుదేరారు.

గురువుగారి పక్కన సోమసుందరం కూర్చున్నాడు. హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరైనవాడు. ఎవరైనా శ్లోకం తప్పు చదివితే అక్కడికక్కడే ఆపి దిద్దుతాడు. ముందురోజు పాఠంలో ఒకావిడను అలాగే ఆపితే, ఆవిడ చిన్నబుచ్చుకుని పుస్తకం మూసేసింది. అది అతని మనసులో ఉన్నట్టుంది.

"గురువుగారూ, తెలిసినవాడు ఎదుటివాళ్ల పొరపాటు చూసి ఊరుకోవచ్చా? ఊరుకుంటే ఆ దోషం తనకీ అంటదా?" అని అడిగాడు.

అడగగానే జవాబు చెప్పే అలవాటు విశ్వపతిగారికి లేదు. "ఇడ్లీ చల్లారిపోతోంది, ముందు తిను" అన్నారు.

వాళ్ల వెనక సీట్లో నాంచారమ్మ ఉంది. దివిసీమలో పుట్టిన మనిషి. పెళ్లికి ముందే ఆమె ఉప్పెన చూసింది. ఒక చేత్తో తాటిచెట్టును, ఒక చేత్తో తొమ్మిదేళ్ల తమ్ముడు ఏడుకొండలును పట్టుకుంది. చెట్టు నిలిచింది గాని తమ్ముడి చెయ్యి జారిపోయింది. ఆ తరవాత ఆమె సముద్రం ముఖం చూడలేదు. మనవరాలి పెళ్లికి విశాఖపట్నం వెళ్లినప్పుడు, అందరూ బీచికి పోతే తను విడిదిలో తలుపు వేసుకుని కూర్చుంది. అలాంటి మనిషి ఈ ప్రయాణానికి తనంతట తానే వస్తాననేసరికి అందరూ ఆశ్చర్యపోయారు.

"నిజంగా బస్సు దిగుతావా వదినా, లేక ఇక్కడే కూర్చుని మా సంచులకు కాపలా కాస్తావా?" అని పక్కనున్న సామ్రాజ్యం వేళాకోళమాడింది.

"దిగుతాను. కాళ్లు కూడా తడుపుకుంటాను. ఎన్నాళ్లని దానితో మాటల్లేకుండా ఉంటాను? రేపు పైకి పోయాక వాడు అడగడూ, అక్కా, ఒక్కసారైనా ఇటు రాలేదేమని?"

సామ్రాజ్యం నవ్వు ఆపేసి, ఆమె చేతిలో ఇంకో ఇడ్లీ పెట్టింది. ముందు సీట్లోని ఇద్దరికీ ఆ మాటలు వినపడ్డాయి.

మంగినపూడిలో అందరూ సరుగుడు చెట్ల కింద దుప్పట్లు పరుచుకున్నారు. మగవాళ్లు టీ బాగాలేదని చెప్పుకుంటూనే రెండోసారి తాగారు. నాంచారమ్మ చాలాసేపు చెట్టుకు ఆనుకుని నిలబడింది. తరవాత చెప్పులు విప్పి, చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని, ఒక్కతే నీళ్లవైపు బయలుదేరింది. నాలుగడుగులు వేసేది, ఆగేది. మళ్లీ నడిచేది. చివరికి తడి ఇసుక మొదలయ్యేచోట నిలబడి, వచ్చే అల కోసం చూస్తోంది. చెట్ల కింద కూర్చున్నవాళ్లంతా అటు తిరిగారు.

"నాంచారమ్మగారూ, ఆగండి!"

సోమసుందరం గబగబా ఆమె దగ్గరికి వెళ్లాడు. "ఇవాళ దశమి. పౌర్ణమి, అమావాస్యలాంటి పర్వం కాని రోజున సముద్రాన్ని తాకకూడదు. శాస్త్రంలో స్పష్టంగా ఉంది. పౌర్ణమి ఎంతో దూరం లేదు కదా" అన్నాడు. అతని గొంతులో అధికారం లేదు. ఆమెకు మేలు చేస్తున్నాననే నమ్మాడు.

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. అల వచ్చి, ఆమెను అందుకోకుండానే తిరిగిపోయింది.

"అట్టాగా మేష్టారూ" అంది. ఆ సమయంలో ఆమె ముఖంలో నిరాశ కనిపించలేదు. సెలవు దొరికినవాళ్ల ముఖంలా ఉందని సామ్రాజ్యం తరవాత చెప్పింది.

"మీ శాస్త్రానికి ఒక్క పూట కునుకు పట్టకూడదా మేష్టారూ?" అని సామ్రాజ్యం కోప్పడింది.

"నేను ఆవిడ మంచికే చెప్పానమ్మా."

"పోనీలే వదినా" అని నాంచారమ్మ పొడి ఇసుకలో కూర్చుంది. నిష్ఠూరమేమీ లేకుండా అంది: "మా ఊళ్లోకి వచ్చిన రోజున మాత్రం అది తిథి చూసుకుని రాలేదు."

సోమసుందరం ఆమెకు కాస్త దగ్గరగా వచ్చాడు. "పౌర్ణమినాడు నేనే దగ్గరుండి తీసుకొస్తాను. మీ తమ్ముడి పేరు చెప్పుకుని నిండుగా స్నానమే చేద్దురుగాని" అన్నాడు. ఆమె అలాగేనంది. సాయంత్రందాకా సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది.

తిరుగు ప్రయాణంలో బందరులో బస్సు ఆపి అందరూ లడ్లు కొనుక్కున్నారు. సోమసుందరం దిగలేదు. "గురువుగారూ, పొద్దున నేనడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు" అన్నాడు.

"పౌర్ణమి వెళ్లనీ" అన్నారు విశ్వపతిగారు.

పౌర్ణమి మర్నాడు సోమసుందరం పాఠానికి ఆలస్యంగా వచ్చి, ఎప్పుడూ కూర్చునే చోట కాక గుమ్మం దగ్గర కూర్చున్నాడు. ఎవరో శ్లోకం తప్పు చదివారు. అతను ఆపలేదు. అందరూ వెళ్లాక గురువుగారి దగ్గరికి వచ్చాడు.

"నిన్న తెల్లవారుతూనే వెళ్లానండి. ఆవిడ కొత్త చీర కట్టుకుని సిద్ధంగా ఉంది. ఇద్దరం బస్టాండుకు వెళ్లాం. బందరు బస్సు వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టి, మళ్లీ తీసేసింది. ఎంత చెప్పినా ఎక్కలేదు. 'నావల్ల కాదు మేష్టారూ. ఆ రోజు అంత దూరం ఎట్టా నడిచానో నాకే తెలియదు. మళ్లీ అంత గుండె ఎక్కణ్ణుంచి తెచ్చుకోను?' అంది. ఇంక తనను పిలవొద్దని కూడా చెప్పింది." చివరగా, "నిన్న తిథిలో ఏ లోపమూ లేదండి" అన్నాడు.

విశ్వపతిగారు కళ్లజోడు తీసి, ఉత్తరీయంతో తుడుచుకున్నారు.

"ఆవిడ పర్వం దశమినాడే దాటిపోయింది, సోమసుందరం."