కడిగిన మేత

ఎంత పెద్ద ప్రశ్న అడిగినా నరసింగయ్యగారు జవాబు చెప్పేవారు కాదు. ఏదో ఒక పని చెప్పేవారు. ఇదేం గురుత్వమండీ అని విసుక్కుని బస్సెక్కినవాళ్ళు బోలెడుమంది. పని చేసి చూద్దామనుకున్నవాళ్ళు మాత్రం ఆ ఆశ్రమంలోనే, ఆ పది ఆవుల మధ్యే ఉండిపోయారు.

అలా ఉండిపోయినవాళ్ళలో తిరువేంగళం ఒకడు. భారీ మనిషి, నలభై దాటినా పసివాడి మనసు. ఆయనకు శుభ్రం పిచ్చి. ఆ తోముడికి చెంబులు అరిగిపోతున్నాయని వంటావిడ రోజూ గొణిగేది, రోజూ ఆయన ఇంకాస్త తోమేవాడు.

ఒకనాడు ధ్యానం మధ్యలో లేచొచ్చి గురువుగారి ఎదుట చతికిలబడ్డాడు.

"అయ్యా, నేను వెళ్ళిపోతాను. కళ్ళు మూసుకుంటే చాలు, తమ్ముడి మీద కసి, పక్కన కూర్చున్నవాడి మీద అసూయ, అన్నీ పైకి తేలుతున్నాయి. మనసు కడుక్కుని రావాలి గాని, ఇంత మురికితో మీ ముందు కూర్చోవచ్చా?"

వెళ్ళొద్దు అంటారేమోనని ఆయన ఆశ. పిచ్చి మనిషి, ఆ ఒక్క మాట కోసమే వచ్చాడు. గురువుగారు "మొక్కజొన్న పాలకంకికొచ్చింది. వేసవికి పాతర వెయ్యాలి. వేసి, తెరిచి, ఆవుల నోటికి పెట్టి, అప్పుడు వెళ్ళు" అన్నారు. తిరువేంగళానికి కళ్ళు చెమర్చాయి. అయినా సరేనని లేచాడు.

పాతర అంటే మరేం లేదు. పచ్చిమేతను ముక్కలు కొట్టి గుంతలో పోసి, గాలి లేకుండా తొక్కి, పట్టా కప్పి మట్టి వేస్తారు. లోపల అది పులిసి, పచ్చగడ్డి కంటికి కనబడని రోజుల్లో ఆవుల కడుపు నింపుతుంది. పెద్ద గుంతను మిగతావాళ్ళు నింపారు. చిన్న గుంత తిరువేంగళం వంతుకొచ్చింది. గురువుగారు ఆ రోజు పొరుగూరు వెళ్ళారు. ముక్కల్లో చూస్తే దుమ్ము, సాలెగూళ్ళు, పురుగులు. గోమాత నోట్లోకి పోయేది ఇదా అని ఆయన ప్రాణం ఉసూరుమంది. తొట్టెల్లో నీళ్ళు నింపి, ఆ మేతంతా బియ్యం కడిగినట్టు కడిగి, నీళ్ళోడుతుండగానే గుంతకెత్తాడు. నడుం విరిగినా మనసుకి హాయిగా అనిపించింది. ఎవరితోనూ చెప్పలేదు.

వేసవి ముదిరింది. బీళ్ళు మాడిపోయాయి. పెద్ద పాతర తెరిస్తే తీపీ పులుపూ కలిసిన వాసన గుప్పున కొట్టింది, ఆవులు పలుపులు తెంపుకునేంత పని చేశాయి. చిన్న పాతర తెరిస్తే అందరూ ముక్కులు మూసుకున్నారు. మేత నల్లబడి జిగురుజిగురుగా ఉంది. ముందు నిలబడ్డ కర్రావు ఒకసారి వాసన చూసి ముఖం తిప్పేసుకుంది.

టీకాలు వెయ్యడానికొచ్చిన పశువుల డాక్టరమ్మ గుంతలోకి వంగి చూసి, "ఇది పెట్టకండి, ఎరువుకుప్పలో వేసెయ్యండి. ఇన్ని నీళ్ళు ఎలా పోయాయి?" అంది.

"నేనే కడిగానమ్మా" అన్నాడు తిరువేంగళం.

"అయ్యో, ఆకుతోపాటు బాక్టీరియా వస్తుందండీ. ఒకటా రెండా, ఎన్నో రకాలు. కుళ్ళబెట్టేవీ, పులియబెట్టేవీ అన్నీ కలిసే వస్తాయి. గాలి ఆడకుండా మూస్తే పులియబెట్టేవి ఆకురసం తిని పెరిగి, పులుపు పుట్టిస్తాయి. ఆ పులుపుకి మిగతావి అణిగిపోతాయి. మీరేమో రసం కడిగేసి నీళ్ళు నింపారు. ఇక కుళ్ళబెట్టేవాటికి పండగే కదా."

వెళ్ళేవాణ్ణి అప్పుడే వెళ్ళక, మూగజీవాల నోటికాడి కూడు పాడుచేశానని తిరువేంగళం బాధ. గదిలోకి పోయి బట్టలు మూట కట్టుకోసాగాడు.

గురువుగారు వచ్చి పక్కనే కూర్చున్నారు. పెద్ద పాతరలోని మేత గుప్పెడు తెచ్చి ఆయన అరచేతిలో పోశారు.

"దీన్ని ఎవరైనా కడిగారా?"

"లేదయ్యా."

"మరి దీని మురికి ఎటు పోయింది?"

"ఎటూ పోలేదు. ఇందులోనే..." అంటూ తిరువేంగళం ఆగిపోయాడు. చేతిలోని మేత వంక అలాగే చూస్తుండిపోయాడు. ఆ పులుపు వాసన గదంతా కమ్ముకుంది.

గురువుగారు ఆయన వీపు నిమిరారు.

"బోరు కింద జొన్న కోతకొచ్చింది, ఆ గుంత మళ్ళీ నింపాలి. ఈసారి కడగకు నాయనా, ఎక్కి తొక్కు. నువ్వెళ్ళిపోతే అంత బరువున్న మనిషిని నేనెక్కడ వెతుక్కోను?"