మంచి కోడలి ఆకలి

భైరవయ్య వైద్యుల దగ్గర చదువుకుంటున్న కామేశం ఒకనాడు ఇలా అడిగాడు: "అయ్యా, గర్భిణుల్లో కొందరు ఆబగా తిని బరువెక్కుతారు. కొందరు పిట్టలా తిని సన్నగానే ఉండిపోతారు. ఇదంతా వాళ్ల వాళ్ల స్వభావాన్ని బట్టేనా? అది తెలిస్తే పథ్యం చెప్పడం తేలిక కదా?"

వైద్యులు శ్లోకాలు వల్లించే మనిషి కారు. గుండ్లకమ్మ ఏటికి అవతలి ఊళ్లో తాను చూసిన ఒక ఇంటి సంగతి చెప్పారు.

ఆ ఇంటికి తిరపతమ్మ అనే పిల్ల కోడలిగా వచ్చింది. గలగలా మాట్లాడే పిల్ల, ఆకలికి ఆగలేని పిల్ల. కాపురానికొచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం జొన్న సంగటి, గోంగూర పచ్చడి ఇష్టంగా తిని, మరో ముద్ద అడిగింది. అత్త ఆదెమ్మ పెట్టింది. పెట్టి, వాకిట్లో కూర్చున్న ఇరుగుపొరుగుతో, "మా కోడల్ని చేలోకి పంపకూడదమ్మా, పైరు మిగలదు" అంది. ఆమె మనసులో ఏ చెడూ లేదు. అందరూ నవ్వారు. మొగుడూ నవ్వాడు. తిరపతమ్మ కూడా నవ్వింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆమె ఏదీ రెండోసారి అడగలేదు.

అందరూ తిన్నాకే కంచం ముందు కూర్చునేది. ఇంకొంచెం వెయ్యనా అంటే "చాలత్తా" అనేది. ఏడాది తిరిగేసరికి ఊళ్లో ఆమెకు పేరొచ్చింది. నోరు లేని పిల్ల, తిండి యావ లేని పిల్ల అన్నారు. ఆనాడు నవ్వినవాళ్లే తమ కోడళ్లకు ఆమెను చూపించేవారు.

నెల తప్పాక కూడా "చాలత్తా" అన్న మాట మారలేదు. ఆరో నెలలో భైరవయ్య చూసి, బిడ్డ ఎదగడం లేదనీ, ఈ పిల్ల కడుపునిండా తినాలనీ చెప్పారు. ఆదెమ్మ నొచ్చుకుంది. "పెట్టక కాదయ్యా, వద్దంటుంది. దాని గుణమే అంత." అది అబద్ధం కాదు. ఆమె రోజూ అడిగేది, కోడలు రోజూ వద్దనేది.

సీమంతానికి తల్లి రావమ్మ సున్నుండలు చేసుకొచ్చింది. "మీ పిల్లకు తిండి ధ్యాసే లేదు వదినా" అని ఆదెమ్మ మెచ్చుకోలుగా అంటే ఆ తల్లి తెల్లబోయింది. కూతుర్ని పెరట్లోకి తీసుకెళ్లి, మణికట్టు పట్టుకు చూసి, "ఇప్పుడే నాతో వచ్చెయ్యవే. మనింట్లో నువ్వెలా తినేదానివి!" అని బతిమాలింది.

కూతురు గొంతు తగ్గించింది. "తొమ్మిదో నెలలో వస్తాలే. నేనెలా తినేదాన్నో నువ్విక్కడ చెప్పొద్దమ్మా. ఎంతో కష్టపడి మంచిదాన్ననిపించుకున్నా."

సున్నుండలు ఆ సాయంత్రమే వచ్చినవాళ్లకు పంచిపెట్టింది. వాళ్లు తిని, దీవించి వెళ్లారు.

ఎనిమిదో నెల నిండకుండానే నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. ఏడవడానికి కూడా ఒంట్లో సత్తువ లేదు. మర్నాటికి పోయింది. మగవాళ్లు పూడ్చి వచ్చారు. ఆదెమ్మ నిజంగానే ఏడ్చింది. ఏడుస్తూనే వేడన్నంలో నెయ్యి వేసి కలిపి కోడలి ముందు పెట్టి, "తినవే తల్లీ" అంది. తిరపతమ్మ కంచం వైపు చూసింది. ఆ చూపులో ఆకలి తప్ప ఇంకేమీ లేదని భైరవయ్య అన్నారు. కాసేపటికి ఆమె తల వంచుకుని, "పూడ్చి వచ్చినవాళ్లు తిన్నారా అత్తా?" అని అడిగింది. గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్లు కళ్లొత్తుకుంటూ, ఎంత మంచి పిల్లో అనుకున్నారు.

కామేశం, "అయితే ఆమె అసలు స్వభావం ఏమిటంటారు?" అన్నాడు.

"అది తెలుసుకునే తీరిక అక్కడెవరికుంది నాయనా?" అన్నారు వైద్యులు. "ఆ పిల్ల మళ్లీ నీళ్లోసుకుంది. ఊరు ఇంకా మెచ్చుకుంటూనే ఉంది."