ఒక్క కాయతో తీర్పు

ఏ రాజుగారి కాలమో గానీ, స్వామివారికి కొబ్బరికాయలిచ్చే భాగ్యం తరతరాలుగా సూరాంబ అనే రైతమ్మ ఊరిది. దాన్ని తన బావమరిది ఊరికి మళ్ళించాలని దివాను రెండు ఊళ్ళ కాయల రాశుల్లోంచి చెరో కాయ తీసి, రాజుగారి ముందే కొట్టించాడు. సూరాంబ ఊరి కాయ కుళ్ళింది.

"అన్నానికి ఒక్క మెతుకు చాలు ప్రభూ! ఆ ఊరి కాయలన్నీ ఇంతే," అన్నాడు దివాను.

"మెతుకులన్నీ ఒకే కుండలో ఉడుకుతాయి బాబూ. కాయలు దేని చిప్పలో అది పండుతాయి. ఒక్కటి చాలంటారా, ఈసారి మీ బావమరిదిగారి రాశిలో నన్ను తీయనివ్వండి," అంది ఊరి కాయలతో వచ్చిన సూరాంబ. ఒక్కో కాయా చెవి దగ్గర ఊపి, నీళ్ళు కదలని కాయ ఇచ్చింది. కొడితే కుళ్ళే!

"ఏరి ఏరి తీశావు! అది చెల్లదు!" అరిచాడు దివాను.

"మరి తమరెలా తీశారు బాబూ?"

రాజుగారు పకపకా నవ్వారు. పూజారి కళ్ళకు గంతలు కట్టించి, చెరో గంపెడు తీయించి కొట్టిస్తే, కుళ్ళు బావమరిది గంపలోనే ఎక్కువ. స్వామి సేవ సూరాంబ ఊరికే నిలిచింది.