దండీలూ దండాలూ

కొండ మీద కోట, కోట వెనక గరిడీశాల ఉన్న ఒకానొక రాజ్యాన్ని భూరివిక్రముడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు తన కండలంటే మహా గర్వం.

ఒకనాటి ఉదయం ఆయన గరిడీశాలకు వెళ్లేసరికి, అక్కడ సాము నేర్పే సోమినాయుడు, చేతుల మీద ఒళ్లు లేపుతూ దించుతూ దండీలు తీస్తున్న ఒక భటుణ్ణి భుజం తట్టి ఆపుతున్నాడు.

"ఎందుకాపావు? వాడింకా పడిపోలేదుగా?" అన్నాడు రాజు.

"నడుం జారుతోంది ప్రభూ. ఇక ఎన్ని తీసినా ఒంటికి పట్టవు. పైగా కీళ్లు నొచ్చుకుంటాయి."

"పిరికి మాటలు. బోర్లా పడేదాకా తీసినవాడే వీరుడు. ఇకమీదట ఎవరూ పడేదాకా ఆపకూడదు. వీళ్లను చెడగొట్టింది చాలు, నువ్వు రేపటికల్లా రాజ్యం విడిచి వెళ్లు."

సోమినాయుడి జుట్టు నెరిసింది ఆ గరిడీశాలలోనే.

రాజు వెంట వచ్చిన ఆస్థాన విదూషకుడు కోనప్ప చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"ప్రభువుల మాటే మాట. కాకపోతే వీరుడెలా ఉంటాడో ఈ భటులు ఎన్నడూ కళ్లారా చూడలేదు. తమరే ఒకసారి తీసి చూపిస్తే ధన్యులవుతారు. లెక్క నేను పెడతాను."

రాజు పొంగిపోయాడు. ఉత్తరీయమూ కత్తీ తీసి పక్కన పడేసి, నేలకు చేతులు ఆనించాడు.

మొదట్లో ఒళ్లు కర్రలా నిలిచింది. కోనప్ప గొంతెత్తి లెక్కపెట్టాడు. ఇరవై అయ్యేసరికి రాజు చేతులు వణికాయి. నడుం వాలి పొట్ట నేలను తాకింది. తల మాత్రం పైకీ కిందికీ ఊగుతోంది. కోనప్ప గొంతు తగ్గించి, భక్తిగా చేతులు జోడించి, "భూదేవికి ఒక దండం, భూదేవికి ఇంకో దండం" అనసాగాడు. భటులు పెదవులు కొరుక్కున్నారు. రాజుకు తన ఆయాసం తప్ప మరేదీ వినబడలేదు.

చివరికి ఆయన బోర్లా పడ్డాడు. కాసేపటికి లేచి కూర్చుని, "ఎన్నయ్యాయి?" అన్నాడు.

"ఇరవై దండీలు, తొమ్మిది దండాలు మహాప్రభూ. నడుం బిగిసి ఉన్నంతసేపూ తమరు తీసినవి దండీలు. ఆ తర్వాత పెట్టినవి దండాలు."

"నాతోనే వెటకారమా?" అంటూ రాజు పక్కనున్న కత్తి అందుకుని దూయబోయాడు. కత్తి సగం వచ్చి ఆగింది. చెయ్యి పిండిముద్దలా కిందికి వాలిపోయింది.

"ఈ క్షణాన శత్రువు కోట మీదికొస్తే వాడికి దండం పెడదామన్నా చేతులు లేవవు ప్రభూ" అన్నాడు కోనప్ప మెల్లగా. "ఇంకో రెండు తీయగలం అనిపించినప్పుడే ఆగితే కత్తి పట్టే బలం మిగులుతుంది. నాయుడు భటుణ్ణి ఆపింది అక్కడే."

రాజు భటుల వైపు చూశాడు. ఒక్కడూ తలెత్తలేదు గాని అందరి భుజాలూ అదురుతున్నాయి. అది చూసి ఆయనకూ నవ్వాగలేదు. నవ్వుతుంటే పక్కటెముకలు కూడా నొప్పెట్టాయి.

"నాయుడూ, నువ్వెక్కడికీ వెళ్లొద్దు. రేపటినుంచి నన్నూ నువ్వే ఆపాలి" అన్నాడు.

తర్వాత కోనప్పకు బహుమానంగా తన ముత్యాలహారం ఇవ్వబోయాడు. చేతులు మెడదాకా రాలేదు.

"నువ్వే తీసుకోవయ్యా" అంటూ తల వంచాడు. భూరివిక్రముడు ఒకరి ముందు తల వంచగా ఆ భటులు చూడడం అదే మొదలు.