దర్భకేతుడు విన్న గాలి

పూర్వం, హిమవంతుని ఉత్తరపు లోయలో మునులు కాపురముండిన కాలంలో, దర్భకేతుడనే మహర్షి తన ప్రియశిష్యుడైన వత్సారుణ్ని మంచులో పోగొట్టుకున్నాడు. ఆనాడు వరుణసూక్తం సగం చెప్పేసరికి గాలి లేచింది. గాలి హోరులో వేదం చెప్పరాదన్నది పెద్దల నియమం కనుక, మహర్షి పాఠం ఆపి అనధ్యాయం ప్రకటించాడు. శిష్యులు సంతోషంగా లేచారు. వత్సారుడు సమిధలు తెస్తానని దేవదారు వనానికి వెళ్లి, వెంటనే విరుచుకుపడిన మంచుతుఫానులో దారి తప్పి, మరి తిరిగి రాలేదు.

మహర్షి విలపించలేదు, వాయుదేవుణ్ని శపించనూ లేదు. ఆయన మనసులో ఒక ప్రశ్న మాత్రం నిలిచిపోయింది. మళ్లీ శీతకాలం రాగానే కనుమ మీది బండపై తపస్సుకు కూర్చున్నాడు. భార్య శారద్వతి ఆయనకు కంబళి కప్పుతూ, "గాలి సమాధానం చెప్పేలోపు మీరు గడ్డకట్టుకుపోకుండా ఉంటే చాలు" అంది.

ఒక మధ్యాహ్నం, ఎండ కాస్తుండగానే, జగత్ప్రాణుడూ అప్రతిహతగమనుడూ అయిన వాయుదేవుడు లేడి వాహనం దిగి ఎదుట నిలిచాడు.

"దేవా, ఆనాడు వచ్చే ముందు మాకేమైనా చెప్పావా?" అని ముని అడిగాడు.

వాయువు ఆశ్చర్యపోయాడు. ఎందుకు వచ్చావని నిలదీసేవారే తప్ప, ఏం చెప్పావని ఆయనను అడిగినవారు అంతవరకూ లేరు.

"గాలి లేస్తే పాఠం ఎందుకు ఆపుతారు మునీ?"

"స్వరం చెడకూడదని."

"అది సగమే. మీరు నోరు మూసుకుంటే నా మాట వింటారని కూడా ఆ నియమం పెట్టారు. మీరేమో సెలవు దొరికిందని లేచిపోయారు. ఆనాడు చెప్పిందే ఇప్పుడూ చెబుతున్నాను, విను."

మహర్షి చెవి ఒగ్గాడు. దేవదారుల చిటారు కొమ్మలు మాత్రమే సన్నగా ఈల వేస్తున్నాయి. కింద ఆకు కదలడం లేదు. ఆశ్రమంలో హోమధూమం పైకి లేవక నేలబారుగా పాకుతోంది. చమరీమృగాలు మేత మాని, ఉత్తరానికి వీపు పెట్టి నిలుచున్నాయి. మళ్లీ మంచుతుఫాను రాబోతోందని ఆయనకు అర్థమైంది. శిష్యులు వనంలో ఉన్నారు. కనుమ అవతల గొర్రెల కాపరులు పిల్లాపాపలతో ఉన్నారు.

"వత్సారుణ్ని తిరిగి ఇవ్వడం నా చేతిలో లేదు. వేరే వరం కోరుకో" అన్నాడు వాయువు.

"ఇకపై ఇలా చెప్పాక ఒక్క జాము ఆగి రా" అన్నాడు ముని.

"తథాస్తు."

మహర్షి పరుగున దిగి శంఖం పూరించాడు. వనంలోని శిష్యులు అది విని ఆశ్రమం పక్కనున్న గుహకు చేరారు. ఆయన కనుమ దాటి వెళ్లి, మంచుతుఫాను వస్తోందని కాపరులకు చెప్పాడు. కాపరుల పెద్ద తుంబి అనే ముసలమ్మ ఆకాశం వంక చూసి నవ్వింది. "ఇంత ఎండ కాస్తంటే మంచు పడతాదంటావేంది సామీ, తపస్సులో కునుకు పట్టిందా?" అంది. కానీ ఆయన ముఖం చూశాక మందను గుహవైపు మళ్లించింది.

జాము తీరగానే ఉత్తరదిక్కు నల్లబడి, చెట్లను విరుస్తూ, ఊపిరి గడ్డకట్టించే చలితో మంచు గోడలా వచ్చిపడింది. గుహలో శారద్వతి అగ్నిని ఆరనివ్వలేదు. మరునాడు మంచు తవ్వుకుని బయటికి వచ్చినవారిలో ఎవరూ తక్కువ కాలేదు.

నాటి నుంచి ఆ లోయలో గాలి లేస్తే పాఠం ఆపుతారు, కానీ ఎవరూ లేవరు. కూర్చుని వింటారు. విన్నవారికి వాయుదేవుడు ఆ జాము గడువు ఇస్తూనే ఉన్నాడు. దర్భకేతుడు తక్కిన సూక్తాలన్నీ శిష్యులకు చెప్పాడు. వత్సారుడు పోయిన నాడు ఆపిన వరుణసూక్తపు రెండో సగం మాత్రం ఇంకా చెప్పలేదు.