మెడ మీద పురుగు

ఈ కథ మొదట చెప్పింది దూదేకుల హుసేనమ్మవ్వ. నన్నేసాబు తాత గురువుగా ఉన్న దర్గాకు ముప్పై ఏళ్లు నీళ్లు మోసిన మనిషి. కళ్లారా చూసింది. తక్కినవాళ్లు చెప్పేవన్నీ వినికిడి మాటలు.

తాత దగ్గర పన్నెండేళ్లుగా ఉన్న శిష్యుడు లాలప్ప. నిన్నగాక మొన్న వచ్చినవాడు పీరయ్య. ఒక గురువారం పూట పదిమందిలో, లాలప్ప కాల్చిన రొట్టెను డప్పుగా వాయించుకోవచ్చన్నాడు పీరయ్య. అందరూ నవ్వారు. ఆ నవ్వు లాలప్ప లోపల దిగబడిపోయింది. వాణ్ని పంపించెయ్, లేదంటే నేనే పోతానని తాతకు తేల్చి చెప్పాడు.

ఆ దర్గాలో ఒక కట్టడి ఉంది. ఎవరి మీదైనా ఫిర్యాదు తెచ్చినవాడు ముందు ఒక పూట అనపచేలో కలుపు తీయాలి. తీర్పు ఆ తర్వాతే.

లాలప్ప కలుపు తీస్తుంటే మెడ మీద ఏదో పాకింది. ఛట్టున చరిచి, నలిపి పారేశాడు. నల్లటి రెక్కల మీద నారింజ పట్టీలున్న పురుగు. తెల్లారేసరికి మెడ నిండా బొబ్బలు.

"పురుగు కరిచింది తాతా. చేనంతా తగలబెడతా," అన్నాడు.

తాత బొబ్బల మీద చన్నీళ్లు పోసి, లాలప్పను చేలోకి తీసుకుపోయాడు. పూత తింటున్న అలాంటి పురుగుకే వేలు అందించాడు. అది వేలెక్కింది, మోచెయ్యి దాటింది, తాత మెడ మీదికి వచ్చింది. లాలప్ప చెయ్యి దానంతటదే లేచింది. తాత ఆ చేతిని పట్టుకున్నాడు. పురుగు చెవి దాకా నింపాదిగా నడిచి ఎగిరిపోయింది. మెడ మీద మచ్చ కూడా లేదు.

"కరిచిందా?"

"లేదు తాతా."

"నలిపితే దాని ఒంట్లో రసం ఒలుకుతుంది. ఆ రసానిదే మంట. పూత తింటుంది, నిజమే. దాని పిల్లలు మట్టిలో మిడతల గుడ్లు తింటాయి. ఉండనీ." తాత పట్టుకున్న చెయ్యి ఇంకా వదల్లేదు. "ఇప్పుడు చెప్పు నాయనా. పీరయ్యను పంపించెయ్యమంటావా?"

లాలప్ప నేరుగా వంటింట్లోకి పోయి, పిండిముద్ద పీరయ్య ముందు పెట్టాడు.

"డప్పు కాకుండా ఎట్లా కాల్చాలో చూపించు," అన్నాడు.

ఇప్పుడు దర్గా గోడ మీద, లాలప్పను పురుగు కరిస్తే తాత మంత్రమేసి మాన్పాడని పచ్చరంగుతో రాయించారు. తప్పని హుసేనమ్మవ్వ చెప్పినా వినలేదు. రాయించినవాళ్ల పేర్లు అవ్వ మరిచిపోయింది లేదు. చదువొచ్చినవాళ్లెవరైనా పోయి ఆ మాట దిద్దండి. పురుగు కరవలేదు.