మడుగులోకి దిగని తుంపర

అనగనగా కొండల నడుమ ఒక అడవి. ఆ అడవిలో రెండు మడుగులు, ఒకటి కొండ మీద, ఒకటి కొండ కింద. పై మడుగులో తుంపర అనే కప్ప ఉండేది. ఆమె చెల్లెలు జల్లు కింది మడుగులో కాపురం ఉండేది.

ఒక ఏడు చలికాలంలో పై మడుగుకి జబ్బు వచ్చింది. ముందు ఒక ముసలి కప్ప తిండి మానేసింది. దాని చర్మం గరుకుగా, మందంగా తయారైంది. పొరలు పొరలుగా ఊడింది. కాళ్లు బిగుసుకుపోయాయి. నాలుగో రోజుకి నీటి మీద వెల్లకిలా తేలింది. తరువాత ఇంకొకటి. ఆ తరువాత పది. చలి తగ్గేసరికి తుంపర ఒక్కతే మిగిలింది.

మాట్లాడేవాళ్లు లేని మడుగులో ఉండలేక ఆమె చెల్లెలి దగ్గరికి బయలుదేరింది.

దారిలో డిప్పయ్య తాత ఎదురయ్యాడు. ఆయన తాబేలు. అడవిలోని నీళ్లన్నీ తిరిగినవాడు. "ఒక్కదానివే వస్తున్నావేమమ్మా?" అని అడిగాడు.

తుంపర జరిగిందంతా చెప్పింది. తాత ఆమె పొట్ట కింద చూశాడు. అక్కడ చర్మం అప్పుడే గరుకుగా మారుతోంది.

"ఇది బూజు తల్లీ," అన్నాడు.

"బూజు తడిసిన కట్టెకి కదా తాతా పట్టేది?"

"కట్టెకీ పడుతుంది, రాలిన పండుకీ పడుతుంది, బతికున్న ఒంటికీ పడుతుంది. చెట్లకి పట్టే బూజు వేరు, చీమలకి పట్టేది వేరు, మనుషులకి పట్టేది వేరు. ఇది కప్పలది. దీని విత్తనాలు కంటికి ఆనవు. నీళ్లలో ఈదుకుంటూ వెళ్లి చర్మాన్ని పట్టుకుంటాయి. మీరు నీళ్లు తాగేది చర్మంతోనే. అందుకే ప్రాణం మీదికి వస్తుంది."

"మా మడుగుకి ఎలా వచ్చింది?"

తాత తన కాళ్ల వైపు చూసుకున్నాడు. తరువాత మెల్లగా అన్నాడు. "అవతలి లోయలో కప్పలు చచ్చిపోతుంటే పలకరించడానికి వెళ్లాను. తడి కాళ్లతోనే మీ దగ్గరికి వచ్చాను. నాకేమీ కాలేదు కదా, నా వల్ల ఏమవుతుందిలే అనుకున్నాను."

తుంపర కొండ కిందికి చూసింది. కింది మడుగు నుంచి కప్పల బెకబెకలు వినిపిస్తున్నాయి. అన్ని గొంతులు ఒకేసారి విని ఎన్నాళ్లయిందో.

"నేనిప్పుడు అందులో దిగితే?" అంది.

"మీకు జరిగిందే వాళ్లకీ జరగవచ్చు."

"దిగకపోతే నేను బతుకుతానా?"

"చెప్పలేను తల్లీ. ఈ బూజుకి చల్లదనం ఇష్టం, వేడి పడదు. మడుగు పక్కన బండ మీద ఒక గుంట ఉంది. ఆ నీళ్లు ఎటూ పారవు. ఎండకి వెచ్చగా ఉంటాయి. అలాంటి చోట కొందరు బతికారు. అందరూ కాదు."

తుంపర గుంటలోకి వెళ్లి కూర్చుంది.

మొదటి రోజు జల్లు ఆమెను చూసింది. "అక్కా, అక్కడ కూర్చున్నావేం? రా," అని పిలిచింది.

"నాకు జబ్బు చేసింది. నీకు అంటుతుంది. దగ్గరికి రాకు," అంది తుంపర.

మూడో రోజు జల్లు మళ్లీ పిలిచింది. "మా పిల్లలకి కాళ్లు మొలుస్తున్నాయి అక్కా. వచ్చి చూడవా?"

"తగ్గాక చూస్తాను."

వారం తరువాత జల్లుకి కోపం వచ్చింది. "చిన్న గరుకుకి ఇంత భయమా? నన్ను పరాయిదాన్ని చేశావు," అని మొహం తిప్పుకుంది.

ఆ మాట జబ్బు కంటే ఎక్కువ బాధ పెట్టింది. తుంపర బండ అంచు దాకా పాకింది. మడుగు రెండు గెంతుల దూరంలో ఉంది. ఒడ్డున సన్నని నీళ్లలో చెల్లెలి పిల్లలు తోకలాడిస్తున్నాయి. తుంపర వాటిని కాసేపు చూసింది. వెనక్కి తిరిగి గుంటలోకి వెళ్లిపోయింది.

ఎండలు ముదిరాయి. డిప్పయ్య తాత రోజూ పురుగులు తెచ్చి గుంట పక్కన పెట్టేవాడు. ఆ తరువాత కాళ్లు బాగా ఆరేదాకా ఎండలో నిలబడేవాడు. అప్పుడే మడుగు వైపు వెళ్లేవాడు. కొన్ని రోజులు తుంపరకి పురుగు వైపు చూసే ఓపిక కూడా లేకపోయింది.

ఒకనాడు పాత చర్మం ఊడింది. కింద నున్నటి చర్మం కనిపించింది. తుంపర ఆ పూట మూడు పురుగులు తింది.

"ఇప్పుడు దిగనా తాతా?"

"ఇంకొన్నాళ్లు ఆగు. రెండుసార్లు చర్మం మారనీ, చూద్దాం."

తుంపర ఆగింది. రెండుసార్లూ చర్మం నున్నగానే వచ్చింది. తాత సరేనన్నాక ఆమె బండ దిగి మడుగులో అడుగు పెట్టింది.

జల్లు ఎదురొచ్చింది. ఈలోగా తాత ఆమెకు అంతా చెప్పాడు. "మాట జారాను అక్కా," అంది తల వంచుకుని.

"పిలిస్తే రాలేదనే కదా నీకు కోపం వచ్చింది," అంది తుంపర. "పై మడుగులో నన్ను పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. నీ పిలుపు వినబట్టే బతకాలనిపించింది."

జల్లు పక్కకి జరిగి, తన రాయి మీద అక్కకి చోటిచ్చింది.

నీతి: మనకేమీ కాలేదని ఊరుకోకూడదు, మనతో వచ్చిన జబ్బు ఇంకొకరి ప్రాణం తీయవచ్చు, అయినవాళ్లకి అంటకుండా కొన్నాళ్లు దూరంగా ఉండడం కూడా ప్రేమే.